బియ్యం మూట మోసిపెట్టిన ప్రాప్: మీకు ఫుటీ (రగ్బీ లీగ్) ప్లేయర్లు బయట ఎక్కడైనా తగిలారా?

వెంటీ వాసు | ఆదివారం, ఉదయం 7:48

నిన్న సాయంత్రం జరిగింది. మా ఇంట్లో ఇంకా మామూలు వాతావరణం రాలేదు, అందుకే ఇక్కడ చెప్పుకుంటున్నా.

బియ్యం అయిపోయాయని మా వాడిని వెంటబెట్టుకుని సూపర్ మార్కెట్‌కి వెళ్ళా. వాడికి తొమ్మిదేళ్ళు. పుట్టింది సిడ్నీలోనే, కాబట్టి ఇంట్లో క్రికెట్ నాది, ఫుటీ వాడిది. బాస్మతి ఎప్పుడూ ఉండే చోట లేదు, అరలన్నీ మార్చేశారు. పక్క వరసలో నీలం కాలర్ టీషర్టు వేసుకున్న ఒక పెద్దమనిషి కనిపించాడు. పెద్దమనిషి అంటే వయసులో కాదు, సైజులో. గుండె మీద ఏదో బ్యాడ్జి ఉంది. స్టాఫ్ అనుకున్నా. బాస్మతి ఎక్కడ పెట్టారని అడిగా. ఆయన ఒక్క క్షణం నా వైపు చూసి, "నాకూ తెలీదు, పదండి వెతుకుదాం" అన్నాడు. ఇక్కడ పనిచేస్తూ తెలీకపోవడమేమిటి అని మనసులో అనుకున్నా. మూడో వరసలో దొరికింది, పది కిలోల మూట, పై అరలో. ఆయన ఒంటి చేత్తో దింపి, నా ట్రాలీలో పెట్టి, ఇంకేమైనా కావాలా అన్నాడు. నేను ఊరుకున్నానా? "కందిపప్పు కూడా" అన్నా. అదీ వెతికిపెట్టాడు.

ఇంతసేపూ మా వాడు ట్రాలీ పట్టుకుని రాయిలా నిలబడిపోయాడు. కార్లో కూర్చుని బెల్టు పెట్టుకుంటూ ఏడుపు మొదలెట్టాడు. "నాన్నా, నువ్వు ఆయన చేత బియ్యం మోయించావు." ఎవర్రా ఆయన అంటే పారమట్టా ఈల్స్ జట్టు ప్రాప్, అంటే ముందు వరసలో ఢీకొట్టే భారీ ప్లేయరు. వాడి గది తలుపు మీద ఉన్న బొమ్మ ఆయనదే. ఆ తలుపు రోజుకి పదిసార్లు తీస్తా నేను.

పేరు రాయనివ్వడం లేదు మా వాడు. ఆయన సరుకులు ఎక్కడ కొంటాడో నెట్‌లో పెట్టకూడదట. నిజమే కదా.

మీకూ ఇలాంటివి ఉంటే చెప్పండి. నేనొక్కడినే ఇలా చేశానంటే మా వాడు క్షమించడు.

మిర్చిబజ్జి_2145 | ఉదయం 8:05

కందిపప్పు దగ్గర కాఫీ పొలమారింది వాసు గారూ.

మా ఇంటి కథ వినండి. పోయిన సీజన్ ముందు జట్టు ప్రాక్టీసు చూడ్డానికి అభిమానుల్ని రానిచ్చారు. అయ్యాక ప్లేయర్లు కంచె దగ్గరికి వచ్చి ఒక్కో పిల్లాడితో మాట్లాడి సంతకాలు పెట్టారు. మా చిన్నోడి జెర్సీ వీపు మీద ముగ్గురు. వాడు ఆ జెర్సీ వేసుకోడు, ఉతకనివ్వడు, హ్యాంగర్‌కి తగిలించి దండం పెట్టుకునేంత పని.

అప్పుడే మా అత్తయ్య తెనాలి నుంచి వచ్చింది. మేం ఆఫీసులకి వెళ్ళాక చూసిందట. ఎవరో ఆకతాయిలు పసివాడి చొక్కా పాడుచేశారని బాధపడి, పెన్ను మరకకి శానిటైజర్‌ని మించింది లేదని ఒక సీసా మొత్తం పోసి బ్రష్షుతో రుద్దింది. సాయంత్రానికి రెండు సంతకాలు మాయం, మూడోదానికి తోక మిగిలింది. వాడు అన్నం మానేశాడు. ఆవిడ బిక్కమొహం వేసుకుని, "పోనీ ఎలా ఉంటాయో చెప్పండి, నేనే మళ్ళీ రాస్తా" అంది.

తర్వాత క్లబ్బు వాళ్ళ ఫ్యామిలీ డేకి అత్తయ్యని, జెర్సీని రెంటినీ పట్టుకెళ్ళాం. తోక మిగిలిన సంతకం తాలూకు ప్లేయరే దొరికాడు. సంగతి చెప్తే కంచె మీద వాలిపోయి నవ్వాడు. మిగతా ఇద్దరినీ కేకేసి పిలిచి మళ్ళీ పెట్టించి, కింద ఇంగ్లీషులో "బామ్మా, ఉతకొద్దు" అని రాశాడు. అత్తయ్య ఆయన పక్కన నిలబడి ఫోటో దిగింది, మోచేతి దాకా వచ్చింది. తిరిగి వస్తుంటే కార్లో అడిగిన మొదటి మాట, "ఆ అబ్బాయికి పెళ్ళయిందా?"

కూకట్‌పల్లి కుర్రాడు | ఉదయం 8:31

అన్నా, ఒక డౌటు. రగ్బీ, రగ్బీ లీగ్ ఒకటి కాదా? 2025లో మన దగ్గర రగ్బీ ప్రీమియర్ లీగ్ అని పెట్టారు, హైదరాబాద్ హీరోస్ అని టీమ్ కూడా ఉంది. మీరు చెప్పే ప్లేయర్లు అందులో ఆడారా?

డ్రిల్ మాస్టారు | ఉదయం 9:20

బాబూ, నేను చెబుతాను. పశ్చిమ గోదావరిలో ముప్పై రెండేళ్ళు పీఈటీగా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు పెన్రిత్‌లో కూతురింట్లో ఉంటున్నాను.

హైదరాబాద్ హీరోస్ ఆడింది ఏడుగురి ఆట. అది రగ్బీ యూనియన్ కుటుంబం. యూనియన్‌లో మామూలుగా జట్టుకి 15 మంది. లీగ్ వేరే ఆట, 13 మంది. నీకు కబడ్డీ తెలుసు కదా, బంతి పట్టుకున్నవాడు రైడర్ అనుకో. అవతలి వాళ్ళు పట్టి పడేస్తారు. లేచి, బంతిని కాలితో వెనక్కి దొర్లించి, మళ్ళీ మొదలు. అలా ఆరు పట్లు. ఆరోసారీ పట్టుబడితే బంతి అవతలి జట్టుది. చేత్తో ముందుకు విసరకూడదు, పక్కకో వెనక్కో అందించాలి. గీత దాటి బంతిని నేలకి ఆనిస్తే ట్రై, 4 పాయింట్లు. ఆ తర్వాత కర్రల మధ్య నుంచి తంతే మరో 2. ఇంతే. ఇందులో నాకు నచ్చింది ఆ ఆరు పట్ల లెక్క. ఊళ్ళో ముసలమ్మకైనా పది నిమిషాల్లో అర్థమవుతుంది.

ఇక నా అనుభవం. నెపియన్ నది ఒడ్డున పొద్దున్నే నడుస్తాను. ఒక కుర్రాడు రోజూ ఎదురొచ్చేవాడు. ఇరవై రెండు, ఇరవై మూడు ఉంటాయి. మోకాలికి పట్టీ. మెల్లగా కుంటుతూ నడిచేవాడు. మనకి మోకాళ్ళు చూస్తే ఊరుకోబుద్ధి కాదు, నాలుగో రోజు అడిగాను. లిగమెంటు తెగిందట, ఆపరేషనైంది, ఈ ఏడాదికి ఆట లేదు. ఏం ఆట అంటే లీగ్ అన్నాడు. నేను కబడ్డీ అన్నాను. వాడు వినలేదు ఎప్పుడూ. బెంచీ మీద కూర్చోబెట్టి చెప్పాను. రైడర్ ఊపిరి బిగపట్టి కూత పెడుతూనే అవతలి వాళ్ళని ముట్టుకుని రావాలి అనగానే వాడి కళ్ళు పెద్దవయ్యాయి. "ట్యాకిల్ చేస్తుంటే కూడా ఊపిరి తీయకూడదా?" అన్నాడు. తీస్తే ఔటు అన్నాను.

కూత నేర్పించాను. కబడ్డీ కబడ్డీ కబడ్డీ. పదిహేడు సెకన్లకి ఊపిరి తీసేశాడు. నేను డెబ్బై ఒకటో ఏట ఇరవై రెండు లాగాను. వాచీ చూసింది వాడే, నేను కాదు. అప్పుడు వాడు కుడిచెయ్యి చాపి చూపించాడు. ఉంగరం వేలు, చిటికెన వేలు పక్కకి తిరిగిపోయి ఉన్నాయి. నేను నా ఎడమచెయ్యి చాపాను. జిల్లా పోటీల్లో విరిగిన వేలు, సరిగ్గా కట్టలేదు, ఇప్పటికీ అన్నం కలిపితే అది మాత్రం దూరంగా ఉంటుంది. ఇద్దరం చేతులు పక్కపక్కన పెట్టుకుని చూసుకున్నాం.

మర్నాడు ఇంకొకడిని వెంటబెట్టుకొచ్చాడు. వాడికి మెడ లేదు, తల నేరుగా భుజాల మీదే ఉంది. వాడు పన్నెండు సెకన్లు. మా అల్లుడు ఆ ఫోటో చూసి, మామయ్యా వీళ్ళెవరో తెలుసా అని గంతులేశాడు. నాకు తెలీదు. మోకాలు వాడిదేనని మాత్రం తెలుసు.

వెంటీ వాసు | ఉదయం 9:34

మాస్టారూ, మీ ముందు నా బియ్యం మూట ఏపాటిది.

ఊబర్ ఉపేందర్ | ఉదయం 11:02

నాది వరంగల్. 2023లో మాస్టర్స్ చేసుకుంటూ రాత్రిపూట ఊబర్ నడిపేవాణ్ణి. పాత కరోలా. ఒక రాత్రి పెన్రిత్‌లో రైడ్ పడింది, మౌంట్ డ్రూయిట్ పోవాలె. ముగ్గురు ఎక్కిన్రు. బండి వెనుక భాగం కిందికి దిగిన చప్పుడు నాకు వినపడ్డది. ముందు సీట్ల కూసున్నాయన సమోవా మనిషి, మోకాళ్ళు డ్యాష్‌బోర్డుకు తగులుతున్నయి. మంచోడు, నన్నే ముందు పలకరించిండు, ఏం చదువుతున్నవ్ అని.

నేను కూడ మర్యాదకి అడిగిన, నువ్వేం చేస్తవ్ అని. ఫుటీ ఆడుత అన్నడు. వీకెండ్లనా అన్న. ఎక్కువ శాతం వీకెండ్లే అన్నడు. మరి అసలు ఉద్యోగం ఏంది అన్న. అదే, ఇంకోటి లేదు అన్నడు. నాకు పాపం అనిపించింది. నేను అప్పుడు పార్ట్‌టైం కోసం తిరిగి తిరిగి ఉన్న, ఆ బాధ నాకు తెలుసు. చెప్పిన, బాధపడకు తమ్మీ, ఆట మీద ఎన్నేళ్ళు బతుకుతం, ట్రేడ్ కోర్సు చెయ్, ఎలక్ట్రీషియన్లకు ఇక్కడ మస్తు డిమాండ్ ఉంది, మా ఫ్రెండ్ చేస్తుండు, నంబర్ ఇస్త అని. వెనక ఇద్దరు కిటికీల దిక్కు తిరిగిన్రు. భుజాలు ఊగుతున్నయి. ఆయన మాత్రం సీరియస్‌గ తల ఊపి, "మా అమ్మ కూడా ఇదే అంటది" అన్నడు.

ఆ అక్టోబర్ల గ్రాండ్ ఫైనల్, అంటే కప్పు ఎవరిదో తేల్చే మ్యాచ్. కబాబ్ షాపుల టీవీ పెట్టిన్రు. పెన్రిత్ జట్టు 24-8 వెనక పడ్డది, ఇంక ఇరవై నిమిషాలు లేదు. షాపు ఆయన వీళ్ళ పని అయిపోయింది అని టీవీ సౌండ్ తగ్గించిండు. మళ్ళ అందరికీ తెలుసు కదా, పెన్రిత్ ప్లేయర్ క్లియరీ ఒక్కడే ఆట తిప్పేసిండు, 26-24. వరుసగ మూడో కప్పు. చివర్ల ప్లేయర్లు ఒకర్నొకరు పట్టుకుని ఏడుస్తుంటే క్లోజప్‌ల ఒక మొఖం వచ్చింది. నా చేతుల కబాబ్ అట్లనే ఉంది. ఎలక్ట్రీషియన్.

టిప్పు ఇరవై డాలర్లు ఇచ్చిండు ఆ రోజు. ఫైవ్ స్టార్ రేటింగు.

మిర్చిబజ్జి_2145 | ఉదయం 11:10

"వెనక ఇద్దరు కిటికీల దిక్కు తిరిగిన్రు." ఉపేందర్ గారూ, ఇంక చాలు, ఆఫీసు మీటింగులో ఉన్నాను.

సిడ్నీ సూర్యం | మధ్యాహ్నం 12:15

అందరూ దేవుళ్ళలా రాస్తున్నారు. రెండో వైపు కూడా ఉండనివ్వండి. సీజన్ అయ్యాక వీళ్ళ తాగుళ్ళు, గొడవలు పేపర్లో రాని ఏడాది ఉందా?

నాకు జరిగింది చెప్తా. ఒక రెస్టారెంట్‌లో ఒక పేరున్న ప్లేయర్ కుటుంబంతో తింటున్నాడు. మా అబ్బాయి పుట్టినరోజు ఆ రోజు. చాలా మర్యాదగా వెళ్ళి ఒక్క సెల్ఫీ అన్నా. "తినడం అయ్యాక, మేట్" అన్నాడు, తల కూడా ఎత్తలేదు. మేం తినడం అయిపోయి, గంట కూర్చున్నాం. వాళ్ళు వెనక తలుపు నుంచి వెళ్ళిపోయారు. పిల్లాడి మొహం చూడలేకపోయా. టికెట్లు, జెర్సీలు, మెంబర్‌షిప్పు, అన్నీ మన డబ్బులే కదా.

బ్లాక్‌టౌన్ బాలు | మధ్యాహ్నం 12:22

సూర్యం అన్నా, ఆయన పిల్లలు కూడా తింటున్నారు కదా.

సిడ్నీ సూర్యం | మధ్యాహ్నం 12:25

అందుకే గంట ఆగాను అన్నాను కదా. చదివి జవాబివ్వండి.

బ్లాక్‌టౌన్ బాలు | మధ్యాహ్నం 12:31

ఆగారు, కాదనను. కానీ గంటసేపు పక్క బల్ల నుంచి ఎవరో నన్నే చూస్తూ కూర్చుంటే నేనూ వెనక తలుపే వెతుక్కుంటా.

సిడ్నీ సూర్యం | మధ్యాహ్నం 12:33

సరే, తప్పు నాదే. కప్పు మీదే.

నిర్వాహకులు | మధ్యాహ్నం 12:50

చేదు అనుభవాలూ రాయొచ్చు, పేర్లు మాత్రం వద్దు. సూర్యం గారు ఆ నియమం పాటించారు. ప్లేయర్ల ఇళ్ళు, వాళ్ళ పిల్లల బడులు, రోజూ కాఫీ తాగే చోట్లు ఎవరూ రాయకండి. మాస్టారి నది పర్లేదు, అది చాలా పొడుగు.

హెడింగ్లీ రాధ | మధ్యాహ్నం 3:40 (లీడ్స్‌లో ఇంకా తెల్లవారుజామే, నైట్ డ్యూటీ)

ఆస్ట్రేలియా వాళ్ళే రాస్తున్నారు, ఈ ఆట పుట్టింది మా వైపు కాబట్టి నేనూ వస్తున్నా. లీడ్స్‌లో నర్సుని. 2025 జూన్‌లో మనవాళ్ళు ఐదు సెంచరీలు కొట్టి కూడా టెస్టు ఓడిపోయిన హెడింగ్లీ తెలుసుగా? ఆ క్రికెట్ గ్రౌండుకి వీపు ఆనించి రగ్బీ లీగ్ గ్రౌండు ఉంది. మధ్యలో ఒకే స్టాండు. ఇటు తిరిగి కూర్చుంటే క్రికెట్, అటు తిరిగితే లీడ్స్ రైనోస్.

నేను వచ్చిన కొత్తలో, జనవరిలో, ఇంట్లో బాయిలర్ ఆగిపోయింది. ఇల్లంతా ఐసు. బాగుచెయ్యడానికి వచ్చినతని ఎడమ కన్ను వంకాయ రంగులో వాచి మూసుకుపోయి ఉంది. చెవి నలిగిన పూరీలా ఉంది. నేను భయపడి తలుపు గొలుసు తియ్యలేదు. అతను ఐడీ కార్డు సందులోంచి చూపించి, "ఆదివారం మ్యాచ్ ఉండింది, లవ్" అన్నాడు. ఇక్కడ అందర్నీ అలాగే అంటారు, మా వారికి అలవాటవడానికి ఏడాది పట్టింది.

ఇక్కడి పెద్ద పోటీ సూపర్ లీగ్, దాని కింది డివిజన్‌లో ఆడతాడట. డబ్బులిస్తారు, కానీ ఇల్లు గడవదు. పగలు బాయిలర్లు, వారంలో రెండు సాయంత్రాలు ప్రాక్టీసు, ఆదివారం మ్యాచ్, సోమవారం పొద్దున్న మళ్ళీ బాయిలర్లు. జట్టులో ఒకరు టీచరు, ఒకరు తాపీపని, ఒకరు జైలు గార్డు అని చెప్పాడు. ముందు కుర్చీలో కూర్చోబెట్టి కన్ను చూశా, టార్చి వేసి. ఎముక బాగానే ఉంది. ఆ తర్వాతే బాయిలర్ ముట్టుకోనిచ్చా. ఆ రోజు పనికి డబ్బు తీసుకోనన్నాడు, నేను ఊరుకోలేదు. ఆఖరికి గోంగూర పచ్చడి సీసా తీసుకెళ్ళాడు. "ఇది ట్యాకిల్ కంటే గట్టిగా తగిలింది" అని తర్వాత మెసేజ్ పెట్టాడు.

ఈ ఆట పుట్టిందే ఈ గొడవ మీద. గనుల్లో, మిల్లుల్లో పనిచేసేవాళ్ళు శనివారం ఆటకి వెళ్తే ఆ పూట కూలి పోయేది. ఆ పోయిన కూలి ఇప్పించాలని ఇంగ్లండ్ ఉత్తరాది క్లబ్బులు అడిగాయి. దక్షిణాది దొరలు కుదరదన్నారు. 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లో జార్జ్ హోటల్‌లో ఇరవైకి పైగా క్లబ్బులు కూర్చుని రగ్బీ యూనియన్ నుంచి విడిపోయాయి. మా బాయిలర్ అబ్బాయి ఇదంతా రేడియేటర్ గాలి తీస్తూ చెప్పాడు, వాళ్ళ తాతముత్తాతల ఆస్తి తగాదాలా.

ఇంకొకటి. రాబ్ బరో పేరు వినే ఉంటారు. ఐదడుగుల ఐదంగుళాల మనిషి, లీడ్స్‌కి 8 గ్రాండ్ ఫైనళ్ళు గెలిచాడు. 2019 డిసెంబర్‌లో మోటార్ న్యూరాన్ జబ్బని తేలింది. ఆయన పాత కెప్టెన్ కెవిన్ సిన్‌ఫీల్డ్ ఆ జబ్బు మీద నిధుల కోసం 2020లో వారంలో 7 మారథాన్లు పరిగెత్తాడు. 2023 మేలో లీడ్స్‌లో బరో పేరు మీద మారథాన్ పెట్టారు. నేను దారి పక్కన నారింజ తొనలు పట్టుకుని నిలబడ్డా. సిన్‌ఫీల్డ్ చక్రాల కుర్చీ తోసుకుంటూ వచ్చాడు, కుర్చీలో బరో. నా ముందునుంచి వెళ్ళింది నాలుగైదు సెకన్లే. అక్కడున్న పెద్దపెద్ద మగవాళ్ళు ఒక్కసారి నిశ్శబ్దమైపోయారు, తర్వాత చప్పట్లు. హెడింగ్లీలో గీత దగ్గర సిన్‌ఫీల్డ్ ఆయన్ని చేతుల్లోకి ఎత్తుకుని దాటాడు. అది నేను టీవీలో చూశా, మీరూ చూసే ఉంటారు. బరో 2024 జూన్‌లో పోయాడు. మా వార్డులో ఆ జబ్బుతో ఉన్నవాళ్ళకి మేం తినిపించేటప్పుడు ఇప్పటికీ ఆ కుర్చీ గుర్తొస్తుంది.

నా తొన ఎవరూ తీసుకోలేదు. నేనే తినేశా.

టౌన్స్‌విల్ శీను | సాయంత్రం 5:15

రాధ అక్కా, ఏం రాయాలో తోచట్లేదు మీది చదివాక.

మాది క్వీన్స్‌లాండ్ పైన టౌన్స్‌విల్. చిన్న ఊరు, కౌబాయ్స్ జట్టు. ఇక్కడ ప్లేయర్ని చూడటం విశేషం కాదు, చూడకపోవడమే విశేషం. సముద్రం ఒడ్డున స్ట్రాండ్‌లో మా అమ్మాయిని ఉయ్యాల ఊపుతుంటే పక్క ఉయ్యాల ఊపేది ఒక ఒరిజిన్ ప్లేయర్, అంటే క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రాల మధ్య జరిగే పెద్ద మ్యాచ్‌లు ఆడేవాడు. నేను చేసిన సంభాషణ మొత్తం: "ఎండ." ఆయన: "అవును." ఇంటికొచ్చి మా ఆవిడకి గంటసేపు చెప్పా.

మా కౌబాయ్స్ పాత కెప్టెన్ జోనథన్ థర్‌స్టన్‌ని నేను ముఖాముఖి కలవలేదు. ప్రతి మ్యాచ్ అయ్యాక తన హెడ్‌గేర్ తీసి గ్యాలరీలో ఒక పిల్లకో పిల్లాడికో ఇచ్చేవాడు. నాతో పనిచేసే ఒకాయన ఇంట్లో అలా వచ్చినది ఒకటి గాజుపెట్టెలో ఉంది. వాసన కూడా అలాగే ఉందని మూత తీసి చూపిస్తాడు. ఉంది, నిజంగానే.

2015 గ్రాండ్ ఫైనల్ నేను వచ్చిన ఏడాదే. చివరి సెకన్లో ట్రై, గెలిపించాల్సిన కిక్ కర్రకి తగిలి బయటికి, మళ్ళీ అదనపు సమయంలో ఆయనే డ్రాప్ గోల్ (బంతిని నేలకి తగిలించి కర్రల మధ్యకి తన్నడం, 1 పాయింటు), 17-16. కౌబాయ్స్‌కి మొదటి కప్పు. అవన్నీ సరే. ఆట అయ్యాక గడ్డి మీద చిన్న కూతురితో కూర్చున్న ఫోటో ఒకటి వచ్చింది. ఆ పాప చేతిలో నల్లటి బొమ్మ. మా అమ్మాయి నా రంగు. వీడియో కాల్లో మా మేనత్త ప్రతిసారీ "సున్నిపిండి రాస్తున్నారా" అని అడుగుతుంది. ఆ ఫోటో చూశాక మా ఆవిడ ఊరంతా వెతికి అలాంటి బొమ్మ కొనుక్కొచ్చింది. దాని పేరు సత్యవతి. ఇప్పుడు ఒక చెయ్యి లేదు దానికి.

ఫీనిక్స్ ఫణి | సాయంత్రం 6:02

అమెరికా నుంచి ఒక చిన్న ముక్క. 2024లో ఎన్‌ఆర్‌ఎల్ (ఆస్ట్రేలియాలో రగ్బీ లీగ్ పెద్ద పోటీ) వాళ్ళు సీజన్ మొదటి మ్యాచ్‌లు లాస్ వేగాస్‌లో పెట్టారు కదా. మేం నలుగురం మామూలుగా తిరగడానికి వెళ్ళాం. ఫ్రీమాంట్ స్ట్రీట్‌లో స్టేజీ, జనం, నాలుగు జట్ల వాళ్ళు. మాకు ఏమీ తెలీదు. వెనకాల ఎవరో కొండలాంటాయన నిలబడితే, మీ హెల్మెట్లు ఏవి అని అడిగాడు మా ఫ్రెండు. "మాకు అవి కొనే డబ్బుల్లేవు" అన్నాడాయన నవ్వకుండా. మావాడు నమ్మాడు. హోటల్‌కి వెళ్ళేదాకా జాలిపడుతూనే ఉన్నాడు.

రేడియాలజీ రవళి | సాయంత్రం 6:20

నేను చాలామందిని చూశా. ఎముకలతో సహా. ఏమీ చెప్పకూడదు. కానీ వంద కిలోల మనిషి సూది చూసి కళ్ళు మూసుకోవడం రగ్బీలోనూ ఉంది, అంతవరకు చెప్పొచ్చనుకుంటా.

పులిహోర ఫ్యాన్ | సాయంత్రం 7:11

సిడ్నీ దగ్గర హెలెన్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్ళేవాళ్ళు చాలామంది ఉంటారిక్కడ. ఆ ఊరు లీగ్ ఊరని ఎంతమందికి తెలుసు? ఎన్‌ఆర్‌ఎల్ ప్లేయర్ డేమియన్ కుక్ చిన్నప్పుడు ఆడింది హెలెన్స్‌బర్గ్ టైగర్స్‌కే. ఒక శనివారం దర్శనం అయ్యాక పిల్లలు గోల పెడితే గ్రౌండు దగ్గర ఆగాం. ఎనిమిదేళ్ళ లోపు పిల్లల మ్యాచ్. పక్కన సాసేజ్ కాల్చి అమ్మే బల్ల, తల్లిదండ్రులే వంతులేసుకుని నిలబడతారు.

మేం గుడినుంచి వస్తున్నాం, మాంసం తినం. వాసనకి ఆకలేస్తోంది. పెనం దగ్గరున్నాయన్ని ఉల్లిపాయలు మాత్రం బ్రెడ్డులో పెట్టిస్తారా అన్నా. మా నుదుటి బొట్లు చూసి, ఆగండి అని, పెనం ఒక పక్క శుభ్రంగా గీకి, కొత్త నూనె వేసి, కొత్త ఉల్లిపాయలు తరిగి వేయించాడు. ఆ పటకారు కూడా మార్చాడు. ఐదుగురికీ. డాలరు చొప్పున. వెనకాల వరస పెరుగుతోంది, ఎవరూ ఏమీ అనలేదు. నా పక్కనున్న తాతగారు చెవిలో చెప్పారు, ఆయన ఫస్ట్ గ్రేడ్‌లో, అంటే అన్నిటికన్నా పై స్థాయిలో, వంద మ్యాచ్‌ల పైన ఆడాడని. ఆయనకి ఆ సంగతి చెప్పుకునే ఉద్దేశం ఉన్నట్టు లేదు. సాస్ కావాలా అని మాత్రం అడిగాడు.

సిడ్నీ సూర్యం | సాయంత్రం 7:30

పటకారు మార్చడం బాగుంది. అది ఒప్పుకుంటా.

పద్మ_వెస్ట్‌మీడ్ | రాత్రి 8:04

ఆడవాళ్ళ జట్ల గురించి ఎవరూ రాయలేదేం? మహిళల పోటీ 2018 నుంచీ ఉంది, పారమట్టా జట్టు 2022లో వచ్చింది. మా అమ్మాయి బడికి ఇద్దరు ప్లేయర్లు వచ్చి ట్యాకిల్ ఎలా చెయ్యాలో నేర్పారు. భుజం ఎక్కడ పెట్టాలి, తల ఎటు ఉంచాలి. అమ్మాయి ఇంటికొచ్చి వాళ్ళ నాన్నని హాల్లో పడేసింది. సోఫా కాలు విరిగింది, ఆయనకేం కాలేదు.

ఇప్పుడు ఆడతానంటోంది. నాకు టెన్షన్. పేరెంట్స్ మీటింగ్‌లో ఆ ప్లేయర్లలో ఒకామె కనిపిస్తే అడిగా, మీ అమ్మ భయపడలేదా అని. "ఇప్పటికీ మ్యాచ్ చూడదు. వంటింట్లో ఉండి, ఇంకా బతికే ఉన్నానా అని అరుస్తూ అడుగుతుంది" అంది. ఆమె సగం రోజులు ఇంకో ఉద్యోగం కూడా చేస్తుందట. నేను ఇంకా ఫారం మీద సంతకం పెట్టలేదు. ఫ్రిజ్‌కి అంటించి ఉంది, రోజూ పాలు తీసేటప్పుడు కనిపిస్తుంది.

డ్రిల్ మాస్టారు | రాత్రి 8:21

పద్మమ్మా, పెట్టెయ్యి. తల పక్కకి ఉంచడం నేర్పారంటే మంచివాళ్ళే నేర్పారు.

వెంటీ వాసు | రాత్రి 9:47

అందరివీ మా వాడికి చదివి వినిపించా. తెలుగు చదవడం రాదు వాడికి, వినడం వచ్చు. ఉపేందర్ గారి ఎలక్ట్రీషియన్ దగ్గర నవ్వాడు, నిన్నటి నుంచీ మొదటిసారి. మాస్టారిది రెండుసార్లు చదివించుకుని, హాల్లో కబడ్డీ కబడ్డీ అంటూ తొమ్మిది సెకన్ల దగ్గర దగ్గాడు. అంత పెద్దాయన చేత మూట మోయించిన వాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా అని అడిగాడు. లేరన్నా. దానికి వాడు కాసేపు ఆలోచించి, రేపు బళ్ళో చెప్పొచ్చా అన్నాడు.

శనివారం మజ్జిగకి పెరుగు తేవాలి, మళ్ళీ అదే షాపు. వాడూ వస్తానన్నాడు. కానీ ఒక షరతు. నేను నోరు తెరవకూడదట, ఏం కావాలన్నా వాడే అడుగుతాడట.

మిర్చిబజ్జి_2145 | రాత్రి 9:52

పెరుగు కింది అరలోనే ఉంటుంది లెండి.